పొలానికి సౌర కౌలు: సంతకం పెట్టే ముందు



పానగల్ అనే పేరు మన దక్షిణ తెలంగాణలో రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లు. కందూరు చోడుల కాలం నాటి ఉదయసముద్రం చెరువు అక్కడిదే. అంత పాత చెరువు ఇప్పటికీ పాడుపడలేదు. ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో భాగమై నేటికీ నీళ్లు నిలుపుకొంటున్నది. రెండవది వనపర్తి జిల్లాలోని పానగల్ మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. అక్కడి గుట్టమీది కోట కోసం 15వ శతాబ్దం ఆరంభంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా, విజయనగర రాజులు యుద్ధం చేశారు. ఒక పానగల్ నీటికి పేరుపడింది, మరొకటి కోటకు పేరుపడింది.

ఈ రెండింటి నడుమ ఉన్న చెల్క నేలల్లో ఇప్పుడు కొత్త బేరం నడుస్తున్నది. అది ఎండ బేరం. మన ఎండ మనకు శాపమని ఇన్నాళ్లూ అనుకున్నాము. ఆ ఎండనే కరెంటుగా మార్చి అమ్ముకునేవారు నేడు పొలాలు అడుగుతున్నారు. "ఎకరానికి ఇంత కౌలు, ఇరవై అయిదేళ్లకు పైగా, ఏ శ్రమా లేకుండా" అంటూ కాగితాలు తెస్తున్నారు. వానకు, బోరుకు, దళారికి భయపడి విసిగిన రైతుకు ఈ మాట తీయగా వినిపిస్తుంది. ఇవ్వాలా, వద్దా అన్నది చాలా ఇళ్లలో చర్చగా మారింది. ఈ నెల ఈ శీర్షికలో దానిని గురించే ఆలోచిద్దాము.

కరెంటు మనకూ కావాలి

మొదట ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. సౌర విద్యుత్తు వద్దు అనడానికి మనకు హక్కు లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. మన బోరు మోటర్లు ఆ కరెంటుతోనే నడుస్తున్నాయి. కృష్ణమ్మను పైకి ఎత్తి కల్వకుర్తి, భీమా కాలువలలోకి పంపే పెద్ద పంపులకూ కరెంటే ఆధారం. 2023 సెప్టెంబరులో మొదటి పంపు నడిచిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం పూర్తయితే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. గుట్టల ఎత్తున ఉన్న మన పొలాలకు నీళ్లు వాటంతట అవి ఎక్కి రావు కదా!

మరి కరెంటు ఎక్కడినుండి వస్తుంది? బొగ్గు నుండి అంటే దానికీ నేల కావాలి. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి వేల ఎకరాలు, అందులోనూ అడవి నేల, ఇవ్వవలసి వచ్చింది. బొగ్గు గనికి వేరే నేల, బూడిద పోయడానికి ఇంకా కొంత నేల. పొగ సంగతి చెప్పనక్కరలేదు. వానలు గతి తప్పి, ఎండలు ముదిరి మొదట దెబ్బ తినేది మెట్ట రైతే. కాబట్టి బొగ్గు తగ్గాలని కోరుకోవలసిన వారిలో మనమే ముందుండాలి.

2030 నాటికి బొగ్గు, చమురు వంటివి కాని వనరులనుండి 5 లక్షల మెగావాట్ల సామర్థ్యం సాధించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన హరిత విద్యుత్ విధానంలో 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్లు అని చెప్పింది. ఒక మెగావాటు సౌర ప్లాంటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు 5,932 ఎకరాలు పట్టింది. అంటే మెగావాటుకు దాదాపు ఆరు ఎకరాలు. తెలంగాణ లక్ష్యమంతా నేలమీది సౌర ప్లాంట్లతోనే తీర్చాలంటే, మెగావాటుకు అయిదెకరాల చొప్పున లక్ష ఎకరాలు కావాలి.

"రాష్ట్రంలో కోటిన్నర ఎకరాల దాకా సాగుభూమి ఉంది, అందులో లక్ష ఎకరాలు ఎంత?" అని కొందరు అడుగుతారు. రాష్ట్రం మొత్తానికి చూస్తే అది నూటికి ఒకటి కూడా కాదు. ఆ మాట నిజమే. అయితే సౌర ప్లాంట్లు రాష్ట్రమంతటా సమానంగా చల్లినట్టు రావు. సబ్‌స్టేషనుకు దగ్గరగా, రోడ్డు పక్కన, చదునుగా ఉన్న నేలను వెతుక్కుంటూ వస్తాయి. అందువల్ల రాష్ట్రానికి నూటికి ఒకటి అయినది, ఒక ఊరికి నూటికి ముప్పై, నలభై కావచ్చు. భారం ఊరి మీద పడుతున్నప్పుడు లెక్క కూడా ఊరిదే చూడాలి.

మన జిల్లాల్లో జరిగినది

తెలంగాణ ఏర్పడిన కొత్తలో కరెంటు కొరత తీవ్రంగా ఉండేది. అప్పుడు ప్రభుత్వం ఒకేచోట పెద్ద పార్కు కాకుండా, సబ్‌స్టేషన్ల దగ్గర చిన్న చిన్న ప్లాంట్లు పెట్టించే దారి ఎక్కువగా ఎంచుకుంది. 2015 సౌర విధానంలో ప్లాంటుకు తీసుకున్న భూమి, రుసుము కడితే చాలు, వ్యవసాయేతర భూమిగా మారినట్టే భావిస్తామని వెసులుబాటు ఇచ్చింది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో ప్లాంట్లు వేగంగా వచ్చాయి. కొన్నేళ్లలోనే సౌర విద్యుత్తులో తెలంగాణ దేశంలో ముందు వరుసకు చేరింది. ఆ రోజుల్లోనే గట్టు మండలంలో పెద్ద సోలార్ పార్కు పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది గాని, అది కార్యరూపం దాల్చలేదు.

చిన్న ప్లాంట్ల పద్ధతిలో మంచి ఉంది. పుట్టిన కరెంటు ఆ దగ్గరి ఊళ్లలోనే ఖర్చవుతుంది, తీగల్లో నష్టం తగ్గుతుంది, ఒకే ఊరి నేల అంతా పోదు. చెడు కూడా ఉంది. పెద్ద పార్కు వస్తే పత్రికల్లో రాస్తారు, సభలు జరుగుతాయి. పది, ఇరవై ఎకరాల చిన్న ప్లాంటు సంగతి రైతుకు, కంపెనీ మనిషికి మధ్యనే తేలిపోతుంది. ఊరు తెలుసుకునేలోపే కంచె లేస్తుంది.

పావగడ నేర్పే పాఠం

ఈ కౌలు బేరం చివరికి ఎలా ఉంటుందో చూడాలంటే కర్ణాటకలోని పావగడ వైపు చూడాలి. తుమకూరు జిల్లాలో ఉన్నా, అనంతపురం సరిహద్దున తెలుగు మాట్లాడే ఇళ్లు ఎక్కువగా ఉన్న తాలూకా అది. మన పాలమూరు లాగానే పదే పదే కరువు పడిన సీమ. మన వారిలాగే అక్కడి వారూ వేరుశనగ వేసి, వానకు ఎదురుచూసి, చివరకు బెంగళూరుకు వలసపోయిన వారే.

అక్కడ తిరుమణి, వళ్లూరు మొదలైన అయిదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలను కర్ణాటక ప్రభుత్వ సంస్థ రైతులనుండి కొనకుండా, కౌలుకు తీసుకుంది. పార్కు 2018 మార్చిలో ప్రారంభమైంది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకొకసారి నూటికి 5 చొప్పున పెంపు, 28 ఏళ్ల గడువు. పట్టా మాత్రం రైతు పేరునే ఉంటుంది.

దీనిలో మెచ్చుకోవలసినది చాలా ఉంది. భూమి బలవంతంగా గుంజుకోలేదు. పంట పండక అప్పుల్లో ఉన్న పది ఎకరాల రైతుకు ఏడాదికి రెండు లక్షల పైచిలుకు నిలకడగా చేతికి వచ్చింది. కొందరు అప్పులు తీర్చారు, ఇళ్లు కట్టుకున్నారు, పిల్లలను చదివించారు.

అయితే భూమి లేని వారి సంగతి వేరు. కలుపు తీసే స్త్రీ, కాయ కొట్టే కూలి, గొర్రెలు మేపుకునే కాపరి, కౌలుకు దున్నుకునే రైతు, వీరిలో ఎవరికీ కౌలు డబ్బు రాలేదు. పని మాత్రం పోయింది, మేత నేల కంచె లోపలికి పోయింది. ప్లాంటులో ఉండే పని అద్దాలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. అది కొద్దిమందికి చాలుతుంది. ఎకరాల కొద్దీ వేరుశనగ ఒక ఊరికి ఇచ్చే కూలి రోజులు అక్కడ దొరకవు. కాబట్టి ఒకే ఊరిలో, ఒకే ప్రాజెక్టు వలన, ఒక ఇంట్లో దీపం వెలిగితే పక్క ఇంట్లో పొయ్యి ఆరింది.

మన సంఘాల్లో ఏ ఇళ్లు ఎక్కువో మనకు తెలుసు. రెండెకరాల అసైన్డ్ భూమి ఉన్నవారు, అసలు భూమే లేనివారు, ఇంకొకరి చేనిలో కూలికి పోయేవారు. పాలమూరు కూలీలు అన్న పేరు మోసి దేశమంతా కాలువలు తవ్వినవారి పిల్లలు వీరు. గుంపు మేస్త్రీ ముందు చేతిలో పెట్టిన అడ్వాన్సు ఎంత బరువైనదో మన పెద్దలు అనుభవించారు. ముందు వచ్చే డబ్బుకు మురిసి, వెనుక వచ్చే ఏళ్లను మరచిపోవద్దని ఆ అనుభవం మనకు నేర్పింది.

పెరిగే కౌలు నిజంగా పెరుగుతుందా?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకొని మాతో పాటు లెక్క వేయండి. పావగడ పద్ధతినే ఉదాహరణగా తీసుకుందాము. మొదటి ఏడు 21,000. రెండేళ్లకొకసారి నూటికి 5 పెరిగితే 28వ ఏట కౌలు సుమారు 39,600 రూపాయలు అవుతుంది. వినడానికి దాదాపు రెట్టింపు.

కాని ఆ 28 ఏళ్లలో ధరలు ఊరుకుంటాయా? ఏడాదికి నూటికి 5 చొప్పున ధరలు పెరుగుతాయని అనుకుంటే, ఈనాడు 100 రూపాయలకు వచ్చే బియ్యం, పప్పు 28వ ఏట సుమారు 373 రూపాయలు అవుతాయి. ఆ లెక్కన అప్పటి 39,600 రూపాయలతో కొనగలిగేది, ఈనాటి 10,600 రూపాయలతో కొనగలిగేంత మాత్రమే. అంకెల్లో కౌలు రెట్టింపు అయినట్టు కనిపించినా, కడుపు లెక్కలో సగమైపోతుంది. అందుకే కౌలు మొత్తం ఎంత అని మాత్రమే అడగరాదు, ఏడాదికి ఎంత పెరుగుతుంది అన్నది ముందు అడగాలి. "రెండేళ్లకు అయిదు" అన్నది వినడానికి పెద్దదే గాని, ఏడాదికి అది రెండున్నర కంటే తక్కువే.

ఇంకొక లెక్క. తెలంగాణలో 2025 జనవరి నుండి రైతు భరోసా కింద సాగుకు యోగ్యమైన భూమికి ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు అని ప్రకటించారు. భూమి వ్యవసాయేతరంగా మారితే ఆ సాయం అందదు. కౌలు డబ్బులోనుండి ముందుగా ఆ 12,000 తీసివేసి, మిగిలినది చూసుకోవాలి. రైతు బీమా, పంట రుణం, పీఎం కిసాన్ వంటివి ఏమవుతాయో కూడా వ్యవసాయ విస్తరణాధికారిని, బ్యాంకువారిని అడిగి తెలుసుకోవాలి.

ఎదుటివారి లెక్క కూడా చూద్దాము. మన ఎండకు ఒక మెగావాటు ప్లాంటు ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. నెలకు 100 యూనిట్లు వాడే 1,300 ఇళ్లకు అది సరిపోతుంది. కుసుమ్ పథకం కింద మన రాష్ట్రంలో యూనిటుకు నిర్ణయించిన ధర 3.13 రూపాయలు. ఆ ధరకు అమ్మితే ఏడాదికి సుమారు 50 లక్షలు వస్తాయి. అయిదెకరాల నేలకు ఎకరానికి 21,000 చొప్పున కౌలు 1,05,000 రూపాయలు. అంటే వచ్చిన ప్రతి వంద రూపాయలలో నేల వాటా రెండు రూపాయలు. మిగిలినదంతా లాభమని మేము అనడం లేదు. ప్లాంటు పెట్టడానికి కోట్లు కావాలి, బ్యాంకు అప్పు, వడ్డీ, మరమ్మతులు ఉంటాయి. అయినా నేల వాటా రెండు నుండి మూడు చేసినంత మాత్రాన ప్లాంటు మూతపడదని బేరమాడే రైతుకు తెలిసి ఉండాలి.

రైతే యజమాని కాలేడా?

కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం దీనికోసమే. రైతు గాని, రైతుల సంఘం గాని సబ్‌స్టేషనుకు అయిదు కిలోమీటర్ల లోపు బీడు భూమిలో అర మెగావాటు నుండి రెండు మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టి, కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థకు అమ్ముకోవచ్చు. సాగుభూమిలోనైతే కింద పంట వేసుకునేలా ఎత్తు స్తంభాల మీద ఫలకలు బిగించాలని అందులో చెప్పారు. ఈ పథకం గడువును 2026 మార్చి దాకా పొడిగించారు. ఆ తరువాతి నియమాలను అధికారుల వద్ద అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో మహిళా స్వయం సహాయక సంఘాల చేత 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టించాలని 2024లో ప్రకటించారు.

ఒక మెగావాటుకు మూడు, నాలుగు కోట్లు కావాలి. అందులో బ్యాంకు ముప్పావు వంతు ఇచ్చినా, మిగిలిన కోటి రూపాయల వరకు మన చేతిది పెట్టాలి. ఒక పేద కుటుంబానికి ఇది అందని మాట. పదిమంది, ఇరవైమంది కలిస్తే, మహిళా సంఘం పూనుకుంటే అందవచ్చు. ఇచ్చిన భూమికి కౌలుతో పాటు ప్లాంటులో కొంత వాటా అడగడం కూడా ఒక దారి.

ఇక ప్రతి రైతు తన పొలం గట్టున సొంత పంపుకు సౌర ఫలకలు పెట్టుకోవడం అన్నిటికంటే నేల తక్కువ తీసుకునే పని. 2025 మే నెలలో నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ప్రారంభించింది. పోడు పట్టాలున్న 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు, 12,600 కోట్ల ఖర్చుతో సౌర పంపులతో నీళ్లివ్వాలన్నది దాని ఉద్దేశం. ఇక్కడ ఎండ పంటకు పోటీ కాదు, పంటకు నీరు తోడే ఎద్దు.

ఏ నేల ఇవ్వాలి, ఏ నేల ఇవ్వరాదు

మా అభిప్రాయంలో వరుస ఇలా ఉండాలి.

మొదట పంట లేని చోట్లు. ఇళ్ల కప్పులు, బడుల కప్పులు, గోదాములు, ప్రార్థనా మందిరాల కప్పులు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికప్పు మీద మూడు కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నీటి మీద కూడా ఫలకలు పరచవచ్చు. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 జూలైలో పూర్తయింది. గుజరాత్‌లో నర్మద కాలువ మీద 2012లోనే ఫలకలు పరిచి చూశారు. మన ఎత్తిపోతల కాలువలు, జలాశయాల మీద ఈ పని చేస్తే నేలా మిగులుతుంది, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. అయితే చెరువు మీద బతికే మత్స్యకారులను అడగకుండా చేయరాదు.

తరువాత రాళ్ల గుట్టలు, చౌడు నేలలు. ఇక్కడొక జాగ్రత్త. కాగితం మీద బీడు అని రాసిన నేల నిజంగా బీడు కాకపోవచ్చు. ఊరి గొర్రెలు, మేకలు, పశువులు మేసేది అక్కడే. కట్టెపుల్ల, సీతాఫలం, ఔషధపు ఆకు దొరికేదీ అక్కడే. గొర్రెల కాపరులకు దారి, మేత వదలి మిగిలినది ఇవ్వాలి.

ఆ తరువాత వానాధారపు చెల్కలు. ఇక్కడ మొత్తం ఇవ్వకుండా, కొంత భాగం, అదీ పంట సాగేలా ఇవ్వడం మేలు. జపాన్‌లో 2013 నుండి పొలం మీద ఫలకలు పెట్టడానికి అనుమతిస్తున్నారు గాని, కింద పంట దిగుబడి ఆ ప్రాంతపు సగటులో నూటికి 80కి తగ్గరాదన్న షరతు పెట్టారు. జర్మనీలోని హెగెల్‌బాఖ్ అనే చోట అయిదు మీటర్ల ఎత్తున ఫలకలు పెట్టి కింద పంటలు వేశారు. ఎండలు మండిపోయిన 2018లో ఆ నీడన బంగాళాదుంప దిగుబడి బయటి పొలం కంటే నూటికి 11 ఎక్కువ వచ్చింది. మన వేరుశనగ ఎండ కోరే పంట. ఆకుకూరలు, కొన్ని కూరగాయలు కొంత నీడను ఓర్చుకుంటాయి. ఎత్తు స్తంభాలకు ఖర్చు ఎక్కువ. కాబట్టి కంపెనీ తనంతట తాను ముందుకు రాదు, మనమే అడగాలి.

చివరగా, కాలువ నీరు పారే ఆయకట్టు, చెరువు కింది మడి, రెండు పంటల నేల. దీనిని ఎంత కౌలుకూ ఇవ్వరాదని మా గట్టి అభిప్రాయం. ప్రజల సొమ్ము వేల కోట్లు పోసి, కరెంటు ఖర్చు చేసి కృష్ణ నీటిని పైకెక్కించింది ఆ నేలకోసమే. ఆ నేల మీద ఇనుప స్తంభాలు పాతితే ఆ నీరు ఎవరికి? 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షను కూడా బహుళ పంటల సాగునీటి భూమిని చివరి గత్యంతరంగా తప్ప సేకరించరాదని చెబుతున్నది. అయితే ఆ రక్షణ ప్రభుత్వ సేకరణకే గాని, రైతు తానే సంతకం పెట్టి ఇచ్చే కౌలుకు అడ్డు రాదు. అక్కడ చట్టం చేయని కాపలా కుటుంబమే చేసుకోవాలి.

సంతకానికి ముందు ఏడు ప్రశ్నలు

1. భూమి ఎవరి పేరున ఉంది? 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం కింద రికార్డు సరిచూసుకోండి. అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం దాని బదలాయింపును నిషేధించింది. కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలుసుకోకుండా ఎక్కడా వేలిముద్ర వేయవద్దు.

2. ఇంటిలో అందరికీ తెలుసా? క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలో కొడుకుకు, కూతురికి సమాన వాటా ఉంది. పెండ్లయి వెళ్లిన ఆడపిల్లను, ఇంటి ఇల్లాలిని పక్కన పెట్టి అన్నదమ్ములు మాత్రమే తేల్చుకోవడం న్యాయం కాదు. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత ఆ భూమిని తిరిగి అందుకునేది పిల్లలే. ఎదిగిన పిల్లలనూ కూర్చోబెట్టుకోండి.

3. ఒప్పందం రిజిస్టరు అవుతుందా? ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. తెలుగులో చదివి వినిపించమని, ఒక ప్రతి ఇవ్వమని అడగండి.

4. కంపెనీ చేతులు మారితే, అప్పు ఎగ్గొడితే ఏమవుతుంది? బ్యాంకు తాకట్టు ప్లాంటు సామాను మీద, కౌలు హక్కు మీద ఉండవచ్చు గాని, మీ పట్టా మీద ఉండరాదు. కౌలు ఆగితే భూమి తిరిగి వచ్చే గడువు రాసి ఉండాలి.

5. గడువు ముగిశాక స్తంభాలు, కాంక్రీటు, తీగలు ఎవరు పీకుతారు? 2022 ఈ-వ్యర్థాల నియమాల్లో సౌర ఫలకలను కూడా చేర్చారు. నేలను సాగుకు పనికివచ్చేలా చేసి ఇవ్వాలని, అందుకు ముందుగానే కొంత సొమ్ము బ్యాంకులో ఉంచాలని రాయించండి.

6. ఫలకలు కడగడానికి నీరు ఎక్కడిది? పక్క రైతు బోరు ఎండిపోయేలా లోతు బోరు వేయరాదని ఒప్పందంలో ఉండాలి.

7. ఆ పొలాన్ని నమ్ముకున్న కౌలుదారు, కూలీలు, కాపరి సంగతి ఏమిటి? ప్లాంటులో పని ఊరివారికే, అందులోనూ భూమి లేని వారికి ముందు ఇవ్వాలన్న షరతు పెట్టండి. ఒక్కరు అడిగితే వినరు. ఊరంతా ఒక మాట మీద ఉంటే వింటారు. గ్రామసభ ఉన్నది అందుకే.

కౌలు ధర్మం

ఈ పత్రిక చదివేవారికి నేల సంగతి వేదంలో వెతకడం అలవాటే. లేవీయకాండము 25వ అధ్యాయం మరొకసారి తెరచి చూడండి. అక్కడ భూమిని శాశ్వతంగా అమ్మడానికి వీలులేదు. సునాద సంవత్సరం దాకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కించి, ఆ పంటల వెల మాత్రమే తీసుకోవాలి. అంటే అది అమ్మకం కాదు, కౌలు. గడువు తీరగానే నేల ఆ కుటుంబానికే తిరిగి రావాలి. నేటి సౌర కౌలు న్యాయమైనదా కాదా అని కొలవడానికి ఇంతకంటే సూటి కొలత మాకు కనబడదు. పంటల లెక్కన వెల కట్టారా? నేల నేలగా తిరిగి వస్తుందా?

మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయంలోని నాబోతును కూడా గుర్తు చేసుకోండి. రాజు మొదట అడిగిన తీరు చెడ్డది కాదు. దానికంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదా సొమ్ము ఇస్తానన్నాడు. అయినా నాబోతు కాదన్నాడు. అతడు కాదన్నందుకు జరిగినదే పాపం. వెల మంచిదైనా కాదనే స్వేచ్ఛ రైతుకు ఉండాలి. అలాగే ఇష్టపడి ఇచ్చే స్వేచ్ఛ కూడా ఉండాలి. అప్పులవాడు గుమ్మంలో నిలుచున్నప్పుడు పెట్టిన సంతకం ఇష్టపడి పెట్టినది అనిపించుకోదు. సంఘంలో అటువంటి ఇల్లు ఉంటే ముందు ఆ అప్పు సంగతి చూడడం, కాగితాలు చదవగల యువకుడిని తోడు పంపడం మనం చేయగలిగిన మేలు.

ఈ నెలలో ఒక సాయంత్రం, భోజనాలయ్యాక, పట్టా పాసుపుస్తకం బయటికి తీసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోండి. మీ పొలంలో ఏ గుంట రాయి, ఏ గుంట చెల్క, ఏ గుంటకు కాలువ నీరు అందుతుంది, ఏడాదికి ఎన్ని కూలి రోజులు ఇస్తుంది అని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కంపెనీ మనిషి ఇంకా రాకపోయినా రాసి పెట్టుకోండి. అతడు వచ్చిన రోజున అతని కాగితం చదవడానికి ముందు మీ కాగితం చూసుకోవచ్చు.